అణియమున పిల్లల ఆసనము

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున కాపురముండు ఒక సోదరి మాకిట్లు వ్రాసినది: "ఇచ్చట వేసవి వచ్చినదన్న జనులందఱును సరస్సుల మీదనే యుందురు. మావారు బౌరైడరను మోటారు పడవను కొనవలెనని తలచుచున్నారు. ఎనిమిది మందికి ఆసనము లున్నవట, కారు వెనుక తగిలించి తీసికొని పోవచ్చునట. ముందరి సీటు ఎవరిదని పిల్లలిద్దఱును ఇప్పటినుండియే తగవులాడుచున్నారు. వచ్చు వేసవికి మా అత్తగారును మామగారును వచ్చెదరు. నాకు ఈత రాదు. ఈ పడవ సంసారులకు తగినదేనా?"

తగినదే. 10 ఎకరములకు మించిన సరస్సులే 11,842 గల రాష్ట్రమున నుండి, నీటి ముఖము చూడక యింట కూర్చుండుమని నేను చెప్పజాలను. కాని అంగడివాడు చూపు గుణములు వేఱు, ఇల్లాలు చూడవలసిన గుణములు వేఱు.

పడవ ముందుభాగమును మన పడవవారు అణియమనియు, వెనుకభాగమును అమరమనియు చెప్పుదురు. నేనును ఆ మాటలనే వాడెదను. తక్కిన చిన్న మోటారు పడవలలో నడపువాని యెదుట గాజు తెర యుండి, దానికి ముందున్న అణియము కప్పు వేసి మూయబడి యుండును. బౌరైడరున ఆ కప్పు తీసివేసి, అచ్చట మెత్తలు పఱచిన ఆసనము లమర్చిరి. గాజు తెర నడుమ నుండు చిన్న తలుపు తెఱచి ముందునకు పోవచ్చును. గాలియు తుంపరలును ముఖమునకు తగులుచుండ అందు కూర్చుండుట పిల్లలకు పండుగ. ఈ పడవకు గల అందమంతయు అచ్చటనే యున్నది, అపాయములో సగమును అచ్చటనే యున్నది.

ఎట్లందురా, పడవ అడుగు చదునుగా గాక నడుమ కోసుగా నుండును. మెల్లగా పోవునపుడు అది నీటిని చీల్చుకొని పోవును. వేగము గంటకు 20 మైళ్ల దరిదాపునకు వచ్చునప్పటికి నీటి పైకి లేచి, దానిమీద జాఱుచు పరుగెత్తును. అట్లు లేచు కొన్ని క్షణములలో అణియము పైకెత్తుకొని నడపువానికి ఎదుటి త్రోవ కనబడదు. ఆ సమయమున ఎవ్వరును లేచి నిలువరాదు. అటుపిమ్మట పడవ సమముగా సాగును. 19 అడుగుల పడవకు 150 మొదలు 250 గుఱ్ఱముల బలముగల ఇంజను సామాన్యము, పూర్తి వేగము గంటకు 40, 50 మైళ్ల వఱకు నుండును. పెట్రోలు మాటయు వినుడు. ఇంజను నిండు పరుగున 10 గుఱ్ఱముల బలమునకు గంట కొక గ్యాలను చొప్పున త్రాగునని స్థూలమైన లెక్క. 200 గుఱ్ఱముల ఇంజను గంటసేపు అట్లు పరుగెత్తినచో సుమారు 75 లీటర్లు! నెమ్మదిగా పోయిన ఖర్చు మిక్కిలి తగ్గును, ప్రాణమునకును హాయి.

ఇక అణియము సంగతి. అది తెఱచియున్న గదివంటిది, అంచులును మిక్కిలి ఎత్తైనవి కావు. అందు పెద్దలు ముగ్గురు నలుగురు కూర్చున్నచో ముందరి బరువు హెచ్చి అణియము క్రుంగును. ఆ సమయమున నడపువాడు తటాలున వేగము తగ్గించెనా, పడవ నీటిలోనికి దిగబడును, వెంట తఱుముకొని వచ్చిన తన అలయే దానిని పైకెత్తి ముందునకు వంచును. అపుడు నీరు ముందు వైపునుండి లోనికి దుమికి వచ్చును. గాలివేళ ఎదురలలు కొట్టుచున్నప్పుడును ఇంతే. కావున అలలు లేచిన వెంటనే పిల్లలను వెనుకకు పిలిచి, నడుమ తలుపు మూయవలెను. వేగము మెల్లమెల్లగా తగ్గింపవలెను. ఆసనమున కూర్చుండుట వేఱు, అంచుమీద కూర్చుండి కాళ్లు వ్రేలాడవేయుట వేఱు. అంచు నుండి ముందునకు జాఱిన బిడ్డ మీదుగా పడవయు, దాని వెనుక ప్రొపెల్లరు ఱెక్కలును పోవును. ఈ విషయమున ముద్దు చేయరాదు.

ఎనిమిది ఆసనములున్నవి గనుక ఎనమండుగురు ఎక్కవచ్చుననుకొనుట పొరపాటు. 20 అడుగులకు లోబడిన ఇట్టి మోటారు పడవలకు, ఎందఱు మనుష్యులను, ఎన్ని పౌండ్ల బరువును మోయగలదో తెలుపు పలక అంటింపవలెనని అమెరికాలో 1972 నుండి నిబంధన కలదు. పలకపై 8 మంది లేక 1,200 పౌండ్లని యున్నదనుకొందము. అనగా తలకు 150 పౌండ్లు, 68 కిలోలు. మన యింటి పెద్దలందఱును అంత తేలికవారా? పులిహోర డబ్బాలును, మంచుపెట్టెయు, త్రాగునీటి సీసాలును బరువు కాకపోవునా? అత్తగారి యెదుట బరువులు కూడుట బాగుండదు. ఇంటివద్దనే కూడుకొని, రెండు విడతలుగా పోవుటకు నిర్ణయించుకొనుడు.

అనేక బౌరైడరులలో ఇంజను అమరమున పెట్టెలో మూయబడి యుండును. అందు పెట్రోలు ఆవిరి పేరుకొనినచో ఒక్క నిప్పురవ్వ చాలును. అందువలన ఇంజను త్రిప్పుటకు ముందు నాలుగు నిమిషములు గాలిపంకా వేసి, మూత తీసి వాసన చూడవలెను. వంటింటిలో గ్యాసు వాసన పసిగట్టు ముక్కు ఇచ్చట మీ మగవారి ముక్కుకన్న నమ్మదగినది! కాని ఇంజను పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగును లేదు, వాసనయు లేదు. ఇంజను తిరుగుచుండగా అమరమున నున్న స్నానపు పలకపై ఎవ్వరును కూర్చుండరాదు. ఇంజను ఆపి, తాళపుచెవి మీ చేతికి వచ్చిన పిదపనే పిల్లలు నీట దిగవలెను.

2022లో అమెరికాలో పడవ ప్రమాదములందు చనిపోయినవారిలో, కారణము తెలిసినంతవఱకు, నూటికి 75 మంది నీట మునిగినవారే. ఆ మునిగినవారిలో నూటికి 85 మంది లైఫ్ జాకెట్టు తొడుగుకొనలేదు. పడవలో జాకెట్లు లేకకాదు సుమా, పెట్టెలోనుండి తీయకనే! మిన్నెసోటాలో 10 ఏండ్లలోపు పిల్లలు పడవ సాగుచున్నంతసేపు తొడుగుకొని తీరవలెను. బిడ్డ బరువును బట్టి కొనుడు. తొడిగిన పిమ్మట భుజముల వద్ద పట్టి పైకెత్తి చూడుడు. చెవులదాక జాఱినచో అది పనికిరాదు. చీరపైని జాకెట్టు చక్కగా నిలువదు, పైట చెంగు గాలికెగిరి చిక్కుకొనును. ఆ యొక్క పూట అత్తగారినైనను సల్వారు తొడుగుకొనుటకు ఒప్పింపుడు.

బండి సంగతి త్వరగా ముగింతును. 8 అడుగుల 6 అంగుళముల వెడల్పునకు మించని పడవను ప్రత్యేకానుమతి లేకయే అచ్చటి రహదారులపై లాగవచ్చును. కాని పడవ, పెట్రోలు, ట్రెయిలరు, సామాను కలిసి 4,000 పౌండ్లకు చేరవచ్చును, మీ కారు అంత లాగునో లేదో దాని పుస్తకమున చూడుడు. పడవ అడుగున నీరు పోవుటకొక బిరడా కలదు. త్రోవలో అది తీసియుండవలెనని మిన్నెసోటా చట్టము, ఏలయన నిలువనీటితో జీబ్రా మస్సెలను ఆల్చిప్పజాతి జీవి ఒక సరస్సునుండి మఱియొక దానికి పోవును. తిరిగి నీట దింపునపుడు ఆ బిరడా పెట్ట మఱచి ఒడ్డునే పడవను ముంచుకొనువారు కలరు.

మీవారు కొనుట ఖాయమైనచో మీరొక షరతు పెట్టుడు. నడుపుట మీకును నేర్పవలెను. నడపువాడు నీట పడినయెడల ఇంజను దానంతట ఆగుటకు అతని యొంటికి ఒక త్రాడు తగిలింతురు. 26 అడుగుల లోపు పడవలలో, నీటిపై జాఱు వేగమున పోవునపుడు ఆ త్రాటిని తగిలించుకొని తీరవలెనని 2021 ఏప్రిల్ 1 నుండి అక్కడి చట్టము. త్రాడు ఇంజనును ఆపును, సరియే. కాని పడవలో మిగిలినది మీరును, పిల్లలును, పెద్దలును. మరల ఇంజను త్రిప్పి, పడవను మెల్లగా మీవారి చెంతకు త్రిప్పుకొని వచ్చి, వారు చేతికందు దూరమునకు రాగానే ఇంజను ఆపవలసినది ఎవరు? ఒకనాటి ఉదయము గాలిలేని వేళ, తేలు బొమ్మ నొకదానిని నీట వేసి, పదిమారులు ఈ పని చేసి చూడుడు. ఈతయు నేర్చుకొనుడు. నలువది దాటిన పిమ్మట నేర్చినవారిని నేనెఱుగుదును.

పిల్లల తగవునకు నాకు తోచిన తీర్పు: జాకెట్టు కట్లన్నియు ముందుగా ఎవరు బిగించుకొందురో ముందరి సీటు వారిది. అలలు లేచినచో ఇద్దఱిదియు కాదు.