‘దాసి’ని సగంలో వదిలేస్తే ఎవరికి నష్టం?

పటాన్‌చెరు: షిఫ్టు దిగి గదికి చేరిన సినిమా అభిమాని సెల్‌ఫోనులో ‘మాయాబజార్’ (1957) పెట్టి, మూడు గంటల నిడివి చూసి సగంలో ఆపేస్తాడు. ఆ కథ ఇంటింటా తెలిసిందే కనుక పెద్ద నష్టం లేదు. కానీ ‘దాసి’ (1988) సంగతి వేరు. మాటలు తక్కువ, నడక నెమ్మది. పది నిమిషాలకే కట్టేసి మళ్లీ దాని జోలికి పోనివారే ఎక్కువ.

తప్పు అభిమానిది కాదు. ఎనిమిది గంటలు యంత్రం ముందు నిలబడిన మనిషికి అరచేతిలో ఇమిడే తెరపై అలాంటి చిత్రం రుచించదు.

నాటి మెదక్ జిల్లా ప్రజ్ఞాపూర్‌కు చెందిన బి.నర్సింగరావు తీసిన ఈ చిత్రానికి ఐదు జాతీయ పురస్కారాలు దక్కాయి. అర్చన ఉత్తమ నటి అయ్యారు. గడీల్లో నోరెత్తకుండా చాకిరీ చేసిన ఆడవాళ్ల గోస అది. ఆ గోస పడిన అవ్వల మనవలే నేడు ఫ్యాక్టరీ గేట్ల ముందు నిలబడుతున్నారు.

వారపు సెలవునాడు పెద్ద తెరపై ఉచితంగా చూపించి, ఊరి పెద్దలచేత గడీల ముచ్చట చెప్పిస్తే ఎవరూ మధ్యలో లేచిపోరు. కార్మిక సంఘాలు, యాజమాన్యాలు, జిల్లా అధికారులు పూనుకోవాలి.