ఏలీయాకు ముందు రొట్టె, తర్వాతే మాట



ఏడేళ్ళ క్రితం నేను ఈ హాస్టల్లో ఇంటర్ మొదటి సంవత్సరం విద్యార్థినిని. పదో తరగతి వరకు తెలుగు మీడియం. బై.పి.సి.లో చేరగానే పాఠాలన్నీ ఇంగ్లీషులో. అర్ధ సంవత్సర పరీక్షల్లో ఫిజిక్స్ తప్పాను. పత్తి చేలో కూలికి వెళ్ళే మా అమ్మానాన్నల కష్టం వృథా చేశాననీ, నేను దేనికీ పనికిరాననీ ఒకటే ఆలోచన. నిద్ర లేదు. మెస్‌కు వెళ్ళాలనిపించేది కాదు.

ఆదివారం చర్చికి వెళ్ళి ఒక పెద్దావిడకు చెప్పుకున్నాను. "నీలో విశ్వాసం తగ్గిందమ్మా, ఇంకా ప్రార్థన చెయ్యి" అన్నారు. ఆమె ప్రేమతోనే అన్నారు. కానీ నాకు దుఃఖానికి తోడు పాపభయం కూడా పట్టుకుంది. ఆ రాత్రి మా గదిలోని సీనియర్ అక్క పళ్ళెంలో అన్నం తెచ్చి, "ముందు తినవే, తర్వాత మాట్లాడుకుందాం" అని నేను తినే వరకు పక్కనే కూర్చుంది. నా మనసు కుదుటపడటం అక్కడే మొదలైంది.

నేడు సైకాలజీలో పి.జి. చదువుతూ బైబిల్ తెరిస్తే, ఆ అక్క చేసిన పనే రాజులు మొదటి గ్రంథం 19వ అధ్యాయంలో కనిపిస్తున్నది. కర్మెలు పర్వతం మీద గొప్ప విజయం చూసిన ఏలీయా, యెజెబెలు బెదిరింపుకు భయపడి అరణ్యానికి పారిపోయాడు. ఒక చెట్టు కింద కూర్చొని, తనకు చావు కావాలని దేవుణ్ణే అడిగాడు. అంతటి ప్రవక్తను దేవుడు అవిశ్వాసి అని గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత చేత రొట్టె, నీళ్ళు ఇప్పించాడు. మళ్ళీ నిద్రపోనిచ్చి మళ్ళీ పెట్టించాడు. హోరేబు కొండ దగ్గర ఏలీయా ఒకే గోడును రెండుసార్లు చెప్పుకుంటే రెండుసార్లూ విన్నాడు. ఆ తర్వాతే, తానొక్కడే మిగిలానన్న అతని ఆలోచనను సరిచేస్తూ, బయలుకు మోకరించని వారు ఇంకా ఏడువేల మంది ఉన్నారని తెలిపాడు. ఎలీషాను తోడుగా ఇచ్చాడు.

అన్నం, నిద్ర, వినే చెవి, సరైన ఆలోచన, తోడు. మంచి కౌన్సెలింగ్‌కు ఇంతకంటే చక్కని వరుస నాకు తెలియదు. 1960లలో అమెరికా మానసిక వైద్యుడు ఆరన్ బెక్ రూపొందించిన చికిత్సా పద్ధతి కూడా మన ఆలోచనలను వాస్తవంతో పోల్చి చూసుకోమంటుంది. "ఫిజిక్స్ తప్పాను" అన్నది వాస్తవం. "నేను దేనికీ పనికిరాను" అన్నది నేను రాసుకున్న తీర్పు. ఆరోగ్యకరమైన ఆలోచన అంటే బాధ లేదని నటించడం కాదు, ఈ రెంటినీ వేరు చేయడం. లాజరు సమాధి దగ్గర యేసు ప్రభువు కూడా కన్నీరు కార్చాడు కదా!

ప్రార్థన మానమని నేను అనడం లేదు. నేను నేటికీ రోజూ మోకరిస్తాను. టైఫాయిడ్ వస్తే ప్రార్థించి ఆసుపత్రికి కూడా వెళ్తాం. మనసుకు జబ్బు చేస్తే మాత్రం డాక్టరు దగ్గరకు వెళ్ళడం అవిశ్వాసం ఎలా అవుతుంది? పౌలుతో కలిసి సేవ చేసిన లూకా వైద్యుడే.

అందుకే సంఘ పెద్దలకు నా మనవి: దిగులుగా వచ్చిన బిడ్డను "ప్రార్థన చేశావా?" అనే ముందు "తిన్నావా, నిద్రపోయావా?" అని అడగండి. హాస్టల్ పెద్దలకు నా విన్నపం: నెలకొకసారైనా శిక్షణ పొందిన కౌన్సెలర్‌ను పిలిపించండి. ఫెయిలైన వారి మార్కులను అందరి ముందూ చదవకండి.

చెల్లెళ్ళారా, మీది ఏ మతమైనా సరే, రెండు వారాలకు పైగా దిగులు వదలకపోతే, నిద్ర, ఆకలి దెబ్బతింటే వార్డెన్ మేడమ్‌కు చెప్పి డాక్టరును కలవండి. చావు ఆలోచన వస్తే తెల్లవారే దాకా ఆగవద్దు. పక్క మంచం మీది అమ్మాయిని లేపి చెప్పండి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. అది ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

ఆ సప్లిమెంటరీ రోజుల నుంచి మా ఇంట్లో తొలి డిగ్రీ దాకా నేను రాగలిగాను. ఈ రాత్రి మీ గదిలో ఎవరైనా అన్నానికి రాకుండా దుప్పటి ముసుగేసుకొని పడుకుంటే, బోధ చేయకండి. ఒక పళ్ళెం తీసుకెళ్ళి పక్కన కూర్చోండి.

– మీ అక్క,
ఈ హాస్టల్ పూర్వ విద్యార్థిని, ఎం.ఎ. (సైకాలజీ)