వేర్వేఱు దీపముల కాంతులు కలియవా?

రెండు వేర్వేఱు దీపములనుండి వచ్చు కాంతులు వ్యతికరణము నొందవను వాక్యమును భౌతికశాస్త్రము చదివిన విద్యార్థులలో వల్లింపనివారు మిక్కిలి అరుదు. పరీక్షలో నట్లే వ్రాసిన మార్కులు తప్పక వచ్చును. అయినను ఈ వాక్యము సగము సత్యము మాత్రమే యనియు, సగము సత్యమును సూత్రమువలె కంఠస్థము చేయించుట తగదనియు నా అభిప్రాయము.

పాఠ్యపుస్తకములో ఈ వాక్యమునకు ముందే అధ్యారోపణ సూత్రము చెప్పబడి యుండును. ఒకే చోటికి ఒకే క్షణమున రెండు తరంగములు వచ్చెనేని వాని స్థానభ్రంశములు కూడికొనును. ఆ తరంగములు ఒక దీపమునుండి పుట్టినవా, రెండింటినుండియా యని సూత్రము విచారింపదు. ప్రార్థనాలయములోని హార్మోనియమునే చూడుడు. ఒకే స్వరమునకు రెండు రీడులుండి, వానిలో నొకటి రవంత శ్రుతి తప్పినచో ధ్వని యుబ్బుచు తగ్గుచు వినవచ్చును. 256, 258 కంపనములు గల రెండు శ్రుతిదండములను మ్రోగించినచో సెకనునకు రెండు విస్పందనములు చెవికి స్పష్టముగా తెలియును. ఆ దండములు రెండును వేర్వేఱుగా తయారైనవే, వేర్వేఱుగా కొట్టబడినవే. ధ్వనికి ఒప్పుకొన్న దానిని కాంతికి ఎట్లు నిరాకరింతుము?

భేదమంతయు తరంగము తన లయను ఎంతసేపు నిలుపుకొనుననుటలో నున్నది. దీనినే సంబద్ధత యందురు. శ్రుతిదండము అనేక సెకనులు ఒకే లయతో మ్రోగును. ఇప్పుడు ప్రతి యింట వెలుగుచున్న ఎల్.ఇ.డి. దీపము సంగతి వేఱు. అందలి అర్ధవాహక స్ఫటికములో ఎలక్ట్రాను పోయి రంధ్రముతో కలసినప్పుడు వెలువడు శక్తియే కాంతి. అట్టి కలయికలు లెక్కకు మించి జరుగుచుండును; ఒకదానికి మఱియొకదానితో పొత్తు లేదు. ఎఱ్ఱని ఎల్.ఇ.డి. కాంతి తరంగదైర్ఘ్యము సుమారు 630 నానోమీటర్లు. అది యించుమించు 20 నానోమీటర్ల మేర వ్యాపించి యుండును. తరంగదైర్ఘ్యపు వర్గమును ఆ వ్యాప్తిచే భాగించినచో సుమారు 20 మైక్రోమీటర్లు వచ్చును. ఆ తరంగము లయ తప్పక సాగు దూరము అంతమాత్రమే! తలవెండ్రుక మందమైనను లేదు. ఆ దూరమును కాంతి దాటుటకు పట్టు కాలమును తెలిసికొనవలెనన్న, సెకనును లక్షకోట్ల భాగములు చేసి అందొక భాగమును మరల పదునైదు చేయవలెను.

కావున రెండు ఎల్.ఇ.డి. దీపముల కాంతులను తెఱపై కలిపినచో, ఏ క్షణమున కా క్షణము వెలుగు పట్టీలు, చీకటి పట్టీలు ఏర్పడుచునే యుండును. కాని మఱుక్షణమున వెలుగున్న చోటికి చీకటియు, చీకటి యున్న చోటికి వెలుగును వచ్చును. మన కన్ను సెకనులో ఇరువదవ వంతు కాలమును ఒకే చూపుగా గ్రహించు ననుకొన్నచో, ఆ యొక్క చూపులో పట్టీలు దాదాపు డెబ్బదియైదు వేల కోట్ల మారులు చోటు మార్చును. మనకు మిగులునది సమమైన వెలుగు మాత్రమే. వేగముగా తిరుగు పంకా రెక్కలు విడివిడిగా కానరానంతమాత్రమున రెక్కలే లేవని యెవరును వ్రాయరు గదా!

తెలివిగల పిల్లవాడు ఇక్కడ నొక ప్రశ్న వేయును: ఒకే పెట్టెలోని రెండు దీపములను ఒకే బ్యాటరీకి కలిపినచో రెండును ఒకే లయలో వెలుగవా? వెలుగవు. బ్యాటరీ ప్రవాహమునిచ్చును గాని లయ నీయదు. ఒక్క దీపములోని ఎలక్ట్రానులే ఒండొంటికి లయ కలుపకుండ, రెండు దీపములవి యెట్లు కలుపును? ఇట్టి ప్రశ్నకు “వేర్వేఱు దీపములు గనుక” అని బదులిచ్చి కూర్చుండబెట్టు టెంత యన్యాయము!

ఇది కేవలము నా వాదము కాదు. 1955లో ఫారెస్టరును, ఆయన సహచరులును పాదరస దీపపు కాంతిలో కొంచెము భిన్నమైన రెండు పౌనఃపున్యముల నడుమ విస్పందనములను కనుగొనిరి. 1960లో లేసరు వచ్చెను. దాని లయ ఎల్.ఇ.డి. లయకంటె ఎన్నో రెట్లు నిలుకడ గలది. 1963లో మాగ్యారు, మాండెలు అనువారు రెండు వేర్వేఱు కెంపు లేసరుల కాంతులను కలిపి, అత్యల్పకాలము మాత్రము తెఱచియుండు సాధనముతో ఛాయాచిత్రము తీయగా పట్టీలు స్పష్టముగా కనబడెను. పరీక్షలో నేర్పు వాక్యము నిజమేయైనచో ఆ చిత్రములో పట్టీలెక్కడివి?

మా తోడి యుపాధ్యాయులు కొందఱు, తరగతి గదిలో నేలాగును పట్టీలు కనబడవు, పిల్లలను కలవరపెట్టుట యేల యందురు. కనబడవన్న మాట నిజమే. కనబడినచో రెండు దీపములున్న ప్రతి గది గోడపైని చారలుండెడివి. కాని కనబడకపోవుట వేఱు, లేకపోవుట వేఱు. ఈ రెండింటికిని గల భేదమును నేర్పుటకు ఇంతకంటె చక్కని పాఠము నేనెఱుగను.

ఖర్చును స్వల్పమే. ఒక ఎఱ్ఱని ఎల్.ఇ.డి. ముందు తగరపు రేకునుంచి సూదితో చిన్న రంధ్రము చేయవలెను. మసిపట్టిన గాజుపలకపై రెండు బ్లేడులను జతగా పట్టి గీచినచో ఇరుగుపొరుగున రెండు సన్నని చీలికలేర్పడును. ఒక మీటరు దూరమునుండి ఆ చీలికల గుండ రంధ్రమును చూచినచో పట్టీలు కనబడును. ఒకే దీపపు కాంతి రెండు దారుల వచ్చి కలియుటచే దాని లయ తప్పులు రెండు దారులలోను ఒక్కటే. అందుచే పట్టీలు కదలవు. పిమ్మట ఒక్కొక్క చీలికకు వేఱు దీపమున్నచో నేమగునని పిల్లల నడిగి, పైన చూపిన లెక్కను వారిచేతనే చేయింపవలెను.

ఇక పరీక్షకులకు నా మనవి యొకటి. పట్టీలు కలుగును గాని నిలువవని కారణముతో వ్రాసిన విద్యార్థికి పూర్ణముగా మార్కులిండు. కలుగనే కలుగవని వ్రాసినవానికి సగమిచ్చిన చాలును.