యాబది రూపాయల జరిమానా

ఆదివారపు పత్రికలోని చిన్న ప్రకటనల నడుమ "ఐదు వారముల లాబ్రడార్ పిల్లలు అమ్మకమునకు కలవు" అను పంక్తి కంటబడినది మొదలు నా మనసు మనసులో లేదు. ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదని కేంద్ర ప్రభుత్వము 2017లోనే నియమములు చేసియుండగా, పాలు మఱవని కూనలను ఇంత బాహాటముగా అంగడి కెక్కించుటకు ఆ వర్తకుడు జంకలేదు. అచ్చువేయుటకు పత్రికయు జంకలేదు.

నియమములు మంచివే. రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద రిజిస్ట్రేషను లేనిదే ఎవ్వరును ఈ వ్యాపారము చేయరాదు. పదునెనిమిది నెలలు నిండని ఆడకుక్కను జత కలుపరాదు. ఏడాదికి ఒక్క ఈతకు, జన్మమున ఐదు ఈతలకు మించరాదు. కాని ఊరి వెలుపలి రేకుల షెడ్డులో, ఇనుప బోనులో, ఎదకు వచ్చినపుడెల్ల చూలు మోసి, పొదుగు సాగి, బొచ్చు రాలి, ఇక ఈనదని తేలిన దినమున రోడ్డు ప్రక్కన విడువబడు తల్లికుక్క దాక ఆ నియమములలో ఒక్కటియు చేరలేదు. పిల్లను ఎత్తుకొని ముద్దాడి కొనుగోలు చేయువారు తల్లిని చూపుమని అడుగనే అడుగరు.

చేరకపోవుటకు కారణము చట్టములోనే యున్నది. రుక్మిణీదేవి అరుండేల్ రాజ్యసభలో పట్టుబట్టి సాధించిన 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ఈ నియమములకు ఆధారము. అందు జంతువును హింసించిన మొదటి నేరమునకు జరిమానా పది రూపాయలకు తగ్గదు, యాబదికి మించదు. ఒక్కొక్క పిల్లకు వేలకు వేలు గడించువానికి యాబది రూపాయలు శిక్షయా? మూడేండ్లలో మరల పట్టుబడినచో నూఱు రూపాయల వరకు జరిమానా, లేదా మూడు మాసముల వరకు ఖైదు, లేదా రెండును. జరిమానా పెంచు సవరణకు 2022లో ముసాయిదా వెలువడినది, ముసాయిదాగానే మిగిలినది. ఆ అంకెను మార్చనంతవరకు ఎన్ని నియమములు చేర్చినను అవి వట్టి కాగితములే యని నేను ఎన్నిమాఱులైనను వ్రాయుదును.

కొనువారినిగూర్చియు ఒక మాట చెప్పక తప్పదు. సైబీరియా మంచునేలపై బండ్లు లాగుటకు పెంచబడిన హస్కీని బెజవాడ రోహిణీ కార్తెలో మేడమీద కట్టివేయుట ప్రేమ కాదు, క్రౌర్యము. ముక్కు అణగి ఊపిరికై పెనుగులాడు పగ్ కుక్క ఒక సెల్‌ఫోను ప్రకటనలో కనిపించినంతనే ఇంటింట వెలసినది. మన యెండకు తాళగల రాజపాళయము, ముధోల్ జాతులకు 2005లో తపాలా బిళ్ళలు వెలువడినవి; ఆ జాతులను శ్రద్ధతో పెంచు రైతులకు మాత్రము తోడ్పాటు కొఱవడినది. విదేశీ జాతుల మోజుకై తల్లికుక్కలను హింసించు షెడ్లను మూయించి, ఆ రైతులకు పశువైద్యమును, పెట్టుబడిని మన పశుసంవర్ధక శాఖలు సమకూర్చవలెను.