యేసయ్యకి నోరూరేదా?

తెలుగు క్రైస్తవ కీర్తనల్లో క్రీస్తు కన్నీరు పెడతాడు, నెత్తురోడుస్తాడు, క్షమిస్తాడు. ఆయనకు ఏదైనా కావాలనిపించిన ఘడియ మాత్రం ఎక్కడో గానీ కనిపించదు. పురుషోత్తమ చౌదరి కాలం నుంచి మన పాటది శరణు వేడే గొంతు. పాడేవాడి పాపం మీద ఉన్నంత ధ్యాస పాట అందుకునేవాడి మనిషితనం మీద లేదు. 1978లో విజయచందర్ తెరమీద సిలువ మోస్తే ఆ సినిమాకు ‘కరుణామయుడు’ అని పేరు పెట్టుకున్నాం. కరుణ దైవలక్షణమని మనకు చప్పున అర్థమవుతుంది. కోరిక సంగతి అలా కాదు. అరిషడ్వర్గాల్లో కామాన్ని మొదట లెక్కపెట్టే జాతి మనది.

మొన్న వేసవిలో నూజివీడు వైపు ఆగిరిపల్లి దాటాక ఒక రసాల తోటలో ఉపవాస ప్రార్థనకు వెళ్లాను. కోతల రోజులు. చిక్కం కట్టిన గెడలు చెట్లకు ఆనించి కూలీలు వచ్చి కూర్చున్నారు. ఏదెను తోటలో ఆదాము తిన్నది చిన్నరసమే అయ్యుంటుందని పాస్టరుగారు నవ్వించారు. ఆదికాండం ఆ పండు పేరు చెప్పలేదు కనుక నూజివీడులో ఆ మాట చెల్లుతుంది. నవ్వులు ఆగాక వెనక వరసలోంచి ఒకావిడ అడిగింది: “మరి యేసయ్యకి నోరూరేదా అయ్యగారూ?” ఆయన “పరిశుద్ధుడమ్మా ఆయన” అని తర్వాతి వాక్యంలోకి వెళ్లిపోయారు.

ఆవిడ ఎగతాళికి అడగలేదు. తోట గుత్తకు పట్టిన షావుకారు కోసం పొద్దుటి నుంచి కాయ కోసి, అది నున్న మార్కెట్టుకు పోతుంటే చూసే మనిషి. కావాలనుకోవడమంటే ఏమిటో ఆవిడకు తెలిసినంతగా పాస్టరుగారికి తెలియకపోవచ్చు.

క్రీస్తుకు మనలాంటి కోరిక ఉండేదా, ఆ కోరికే పాపమా అన్నది సంఘాలను చీల్చిన ప్రశ్న. జవాబులు వెతకడానికి రోముదాకా పోనక్కర్లేదు. గుణదల కొండమీద ఉన్నది లూర్దుమాత. 1924లో ఫాదర్ ఆర్లాటి అక్కడ ఆ స్వరూపాన్ని నిలిపారు. ఏటా ఫిబ్రవరి 11న ఆ మాత పండుగ. మరియ తన తల్లి కడుపున పడిన క్షణం నుంచే జన్మపాపం అంటనిదని తొమ్మిదవ పయస్ పోపు 1854లో ప్రకటించాడు. నాలుగేళ్లకు లూర్దు దర్శనాలు. అంటే దేవుడు మనిషిగా పుట్టిన ఆ గర్భమే మచ్చలేనిదని కథోలికుల విశ్వాసం. కృష్ణ దాటితే గుంటూరు. 1842లో ఫాదర్ హయ్యర్ వచ్చి దిగిన లూథరన్ సీమ. పుట్టుకతో వచ్చే చెడుమొగ్గే నిజంగా పాపమని లూథరన్ల 1530 నాటి ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు చెబుతుంది. బాప్తిస్మం తర్వాత మిగిలే ఆ మొగ్గు దానంతట అది పాపం కాదు, లొంగితేనే పాపమని 1546లో కథోలికుల ట్రెంట్ మహాసభ బదులిచ్చింది.

ఇక నూజివీడులోనే గిఫర్డ్ ఆసుపత్రి ఉంది. 1925 నుంచి వైద్యం చేస్తున్న అడ్వెంటిస్టుల ఆసుపత్రి. ఆ సంఘం లోపల ఈ గొడవ మరీ ముదిరింది. క్రీస్తు తీసుకున్నది పతనానికి ముందటి ఆదాము దేహమా, మనలాంటి పతనమైన దేహమా? మనలాంటిదేనని 19వ శతాబ్దంలో జోన్స్, వాగనర్ వంటివారు గట్టిగా బోధించారు. 1957లో ఆ సంఘం నుంచే వెలువడిన ఒక పుస్తకం మాట మార్చేసరికి ఆండ్రియాసెన్ అనే పెద్దాయన ఎదురు తిరిగారు. ఆ వాదం ఇప్పటికీ చల్లారలేదు.

ఈ చిక్కులో నన్ను ఎక్కువగా పట్టి లాగినవాడు ఏడో శతాబ్దపు సన్యాసి మాక్సిమస్. క్రీస్తులో ఉన్నది ఒకే సంకల్పం, అది దైవసంకల్పమేనని కాన్‌స్టాంటినోపుల్ దర్బారు అప్పట్లో రాజీ కుదుర్చుకుంది. సామ్రాజ్యం చీలకుండా ఉండడానికి ఆ సూత్రం పనికొస్తుంది. ముసలి మాక్సిమస్ ఒప్పుకోలేదు. గెత్సేమనే తోటలో ‘నా ఇష్టం కాదు’ అని ప్రార్థించినవాడికి ‘నా ఇష్టం’ అనేది ఒకటి ఉండాలి కదా అన్నది ఆయన పట్టు. 662లో ఆయన నాలుక, కుడిచెయ్యి నరికించారు. ఆ ఏడాదే కన్నుమూశాడు. 681లో ముగిసిన మహాసభ క్రీస్తులో దైవసంకల్పం, మానవసంకల్పం రెండూ ఉన్నాయని తీర్మానించింది. ఆకలి, దాహం, చావంటే జంకు మనిషి స్వభావంలోనివి, వాటిలో పాపం లేదని మాక్సిమస్ మాట. మంచికీ చెడుకూ మధ్య ఊగిసలాట మాత్రం క్రీస్తులో లేదన్నాడు. ఈ రెండో మాట దగ్గర నాకు ఇంకా సందేహమే.

అరణ్యంలో 40 రోజుల ఉపవాసం తర్వాత ఆయనకు ఆకలి వేసిందని మత్తయి సువార్త దాచకుండా చెబుతుంది. ఆ ఆకలి నటన అయితే శోధన అంతా నాటకమే. రొట్టె కావాలనిపించింది, రాయిని రొట్టె చేయలేదు. పాపరహితత్వం అక్కడ ఉంది, ఆకలి లేకపోవడంలో లేదు. కోరిక గర్భం దాల్చి పాపాన్ని కంటుందని యాకోబు పత్రిక చెప్పింది. కోరికనూ పాపాన్నీ ఆ పత్రికే వేరు చేసింది. మన ప్రసంగాలు ఆ తేడాను చెరిపేసి, తోటలో కూలికి నోరూరడాన్ని కూడా పాపం ఖాతాలో వేస్తున్నాయి.

క్రీస్తుకు కోరికను అంటగట్టడమంటే ఉన్న ఈ భయం ప్రసంగ వేదికల మీదే ఆగలేదు. 2006లో ‘ది డావిన్సీ కోడ్’ సినిమాను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. క్రీస్తుకు పెళ్లయిందన్న కల్పన క్రైస్తవుల మనసు నొప్పిస్తుందన్నది కారణం. కొన్ని వారాలకే హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది. ఆ సినిమా చరిత్రగా నిలవదు, కథగా నాకు నచ్చనూ లేదు. అయినా పెళ్లి అన్న మాటకే క్రీస్తు పవిత్రత చెడుతుందనుకుంటే, కానా ఊరి పెళ్లిలో ఆయన నీళ్లను ద్రాక్షారసం చేసిన సంగతి ఏం చేద్దాం?

జాషువా ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. క్రీస్తు కథను మతప్రచారపు కరపత్రం నుంచి తెలుగు కావ్యంలోకి తెచ్చినవాడు ఆయన. ఆ తర్వాత మన కథకులు దళిత క్రైస్తవుల బతుకు రాశారు, పాలెంలో చర్చి గంట రాశారు. క్రీస్తునే మనిషిగా రాయడానికి మాత్రం వెనకాడుతున్నారు. పాస్టర్లకు కోపం వస్తుందని కొందరు, మనకెందుకని ఇంకొందరు. విశ్వాసులు ఆదివారం నాడు పఠించే నైసియా విశ్వాస ప్రమాణమే ఆయన మనిషి అయ్యాడని చెబుతోంది. రచయితకు అంతకన్నా పెద్ద అనుమతి ఏం కావాలి?

ఆ వెనక వరస మనిషికి జవాబు చెప్పే కథలూ పద్యాలూ మా పత్రికకు పంపండి. మా వాదన తప్పనిపించిన బోధకులు కూడా రాయండి. ఒక్క మాట కోయకుండా అచ్చు వేస్తాం.