తెర వెనక తొండి

ఆడించేవాణ్ణి ఆటగాళ్ళు నమ్మాలట, నమ్మకం లేనిదే ఆట లేదట. ఈ మధ్య ఈ నీతులు మరీ ఎక్కువయ్యాయి. ఎందుకు నమ్మాలి? నమ్మమని అడిగేవాడి చేతిలో పాచికలున్నంతసేపూ నా చూపు ఆ చేతి మీదే ఉంటుంది.

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ గురించే చెబుతున్నాను. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఆట. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుని తలా ఒక పాత్ర కడతారు. కథ నడిపేవాడు, రాక్షసుల తరఫున పాచిక వేసేవాడు, తగువొస్తే తీర్పు చెప్పేవాడు మాత్రం ఒక్కడే, వాడే డంజియన్ మాస్టరు. వాడి ముందు అట్టతో చేసిన తెర. ఇరవై ముఖాల పాచిక దాని వెనక దొర్లుతుంది, ఎంత పడిందో వాడు చెప్పిందే లెక్క. 1979లో గైగాక్స్ రాసిన డంజియన్ మాస్టర్ల గైడు, తనకు కావలసిన కథ కోసం పాచికను పక్కన పెట్టే హక్కు కూడా వాడికి రాసిచ్చేసింది. దీన్ని మా ఊళ్ళో తొండి అంటారు. కథ రక్తి కట్టాలని చేసినా తొండి తొండే.

మా దమ్మపేట వాళ్ళకు ఈ సంగతి ఒకరు నేర్పక్కర్లేదు. సంక్రాంతి వచ్చిందంటే పామాయిల్ తోటలు దాటి, రాష్ట్రం సరిహద్దు దాటి జంగారెడ్డిగూడెం వైపు పందెం బరులకు బైకులు బారులు తీరతాయి. కోళ్ళు కాసేపే. ఆ పక్కన గుండాట దగ్గర జనం కదలరు. నేల మీద గుడ్డ, గుడ్డ మీద ఆరు బొమ్మలు, డబ్బాలో బొమ్మల పాచికలు. ఆడించేవాడు గిలక్కొట్టి బోర్లిస్తాడు, ఎత్తేముందు ఒక్క క్షణం ఆగుతాడు, మనవాళ్ళు ఇంకో నోటు పెడతారు. మూడు పాచికలతో ఆడించి, పడిన ప్రతి బొమ్మకీ రూపాయికి రూపాయి ఇస్తాడనుకోండి. మూడు పాచికలు పడే తీరులు 216. మీ బొమ్మ ఒక్కటైనా పడేది 91 తీరుల్లో. లెక్క తేలిస్తే మీరు పెట్టే ప్రతి 216 రూపాయల్లో 17 వాడి జేబులోకి. అందుకు వాడు పాచికను మార్చనక్కర్లేదు. గుండాటను వెనకేసుకు రావడం లేదు నేను, కొంపలు కూల్చిందది. కానీ డబ్బా అందరి ముందే ఎత్తుతాడు. ఆపాటి మర్యాద తెర వెనక పెద్దమనిషికి లేకపోయింది.

జూదం అనగానే అందరూ శకునిని తిడతారు. నేను తిట్టేది ధృతరాష్ట్రుణ్ణి. విదురుణ్ణి పంపి ధర్మరాజును పిలిపించింది ఆయన, ఆపగలిగిందీ ఆయనే. ద్రౌపదిని ఒడ్డిన వేళ, గెలిచామా గెలిచామా అని ఆత్రం ఆపుకోలేక అడిగాడని వ్యాసుడు రాశాడు. పెద్దరికం చేసేవాడే ఒక పక్షం గెలుపు కోరుకుంటుంటే పాచికలు ఎవరు వేస్తేనేం?

ఆడించేవాడి లాభం సంగతి కోర్టుకూ తెలుసు. 1967లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు రమ్మీని నేర్పుతో ఆడే ఆట అంది. ఆన్‌లైన్ కంపెనీలు ఆ మాటనే పట్టుకు వేలాడాయి. ఆట మీద క్లబ్బు లాభం తీస్తుంటే సంగతి వేరని కూడా అదే తీర్పులో ఉంది, అది మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు. తెలంగాణ 2017లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించేదాకా ఇక్కడి ఇళ్ళల్లో జీతాలు ఫోన్లలో కరిగిపోయాయి.

బల్ల ఆటలో డబ్బు లేదు కదండీ, మాస్టరుకు వాటా ఏముంది అంటారు. ఉంది. వాడు తన కథ మీద మోజు పడ్డాడు. తన ప్రతినాయకుడు ఈ వారం చావకూడదు, అదీ వాటా. అందుకే మీ పాచిక మీద పదిహేను పడినా గురి తప్పిందంటాడు. ఆటగాళ్ళూ తొండి చేస్తారు, కాదనను. కానీ వాళ్ళు వేసేది అందరి కళ్ళెదుట, దొరికిపోతారు.

జాన్ స్టావ్రోపౌలోస్ అనే ఆయన ఇలాంటి ఆటల కోసమే ఎక్స్ గుర్తు గీసిన కార్డొకటి బల్ల మధ్యలో పెట్టించాడు. భరించలేని ఘట్టమొస్తే ఎవరైనా దాన్ని తాకవచ్చు, కారణం చెప్పక్కర్లేదు, కథ పక్కకు తిరగాల్సిందే. ఆపే హక్కు ఆటగాడి చేతికి వచ్చింది. నాకు నచ్చిన నమ్మకం ఇదీ. ఆ హక్కు లేని కౌరవ సభలో ద్రౌపది ప్రశ్న అడిగితే పెద్దలు నీళ్ళు నమిలారు.

తెర తీస్తే కథ పాడవుతుందట. నెలల తరబడి పెంచుకున్న వీరుడు ఏ దారిదొంగ చేతిలోనో చస్తే ఎలాగట. చావనివ్వండయ్యా! పాచిక బల్ల మీదే వెయ్యండి, ఒకటి పడితే ఒకటనే చెప్పండి. ఆటగాడు మిమ్మల్ని నాలుగు తిట్లు తిట్టి కొత్త పాత్ర రాసుకోవడానికి కాగితం అడుగుతాడు.