హంసలు చాలు, ఆ పెళ్లికూతుర్ని చూపించండి

మొన్న మా రూమ్మేట్ ఒక రీల్ చూపించాడు. ఎవరో అమ్మాయి ఒంటికాలి వేళ్ల మీద నిలబడి, రెండో కాలు చెవి పక్కనుంచి నిలువునా పైకి లేపింది. గడియారంలో ఆరైనప్పుడు ముళ్లు ఎలా ఉంటాయో అలా. "మామా, నువ్వు చూసే బ్యాలే ఇదేగా? ఈమేనా టాప్?" అన్నాడు. కాదన్నాను. "మరెవర్రా?" అన్నాడు. మెస్‌లో మొదలుపెట్టిన జవాబు రాత్రి పన్నెండైనా తేలలేదు, వాడు మధ్యలోనే నిద్రపోయాడు. పైగా మన ఫిల్మ్ క్లబ్ వాళ్లు వచ్చే నెల సెమినార్ హాల్లో బ్యాలే వేస్తారట, అదీ 'స్వాన్ లేక్' అట. అందుకని ఇక్కడే రాసేస్తున్నా.

ముందు ఒక సంగతి ఒప్పేసుకుంటా. నేను ఇంతవరకూ ఒక్క బ్యాలే కూడా స్టేజి ముందు కూర్చుని చూడలేదు. చూసిందంతా ల్యాప్‌టాప్‌లోనే, అదీ హాస్టల్ వైఫై కరుణిస్తే. "చూడకుండానే అభిప్రాయాలా?" అంటారేమో. రోజూ కోహ్లీ కవర్ డ్రైవ్ మీద తీర్పులిచ్చే మన బ్లాక్‌లో లార్డ్స్ వెళ్లొచ్చినవాళ్లు ఎంతమంది?

కాలు ఎంత ఎత్తు లేచిందనేది నా దృష్టిలో గొప్పదనానికి కొలత కాదు. గలీనా ఉలనోవాని చూడండి. 1910లో పుట్టింది. లావ్రోవ్‌స్కీ బ్యాలే 'రోమియో అండ్ జూలియట్' సినిమాగా వచ్చింది 1955లో. అంటే పట్టుమని పద్నాలుగేళ్లు కూడా నిండని జూలియట్‌గా చేసేనాటికి ఆవిడకి దాదాపు 45. ఇప్పటి లెక్కల్లో ఆవిడ కాలు లేపే ఎత్తు ఏ రీల్‌కీ పనికిరాదు. కానీ అందులో ఒకచోట, ఇంట్లోవాళ్లు బలవంతపు పెళ్లికి ముహూర్తం పెట్టేస్తే, జూలియట్ శాలువా కప్పుకుని పాదిరీ దగ్గరికి పరిగెడుతుంది. స్టెప్పు అనదగ్గది ఏమీ లేదు. ఉత్త పరుగు. ఆ పరుగు చూశాక నాకు ఆమె వయసూ గుర్తులేదు, నేను బ్యాలే చూస్తున్నాననీ గుర్తులేదు. 1956లో బోల్షోయ్ బృందం మొదటిసారి లండన్ వెళ్లినప్పుడు అక్కడివాళ్లని పడగొట్టింది కూడా ఈ జూలియట్టే.

మాయా ప్లిసెత్స్కాయా? 'డైయింగ్ స్వాన్'లో ఆవిడ చేతులు చూస్తే అసలు ఎముకలున్నాయా అని అనుమానం వస్తుంది. గొప్పే, కాదనను. కానీ నాకు చేతులే కనిపిస్తాయి, చచ్చిపోతున్న హంస కనిపించదు. తిట్టుకునేవాళ్లు తిట్టుకోండి.

ఇక 'ల బయదేర్'. ఇది కొంచెం మనింటి గొడవ. 1877లో మారియుస్ పెటిపా సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వేశాడు. కథ ఇండియాలో జరుగుతుంది, నాయిక గుళ్లో నాట్యం చేసే అమ్మాయి. పేరు నికియా. హీరో పేరు సోలోర్. ఈ పేర్లు మనదేశంలో ఏ ఊళ్లో పెట్టుకుంటారో దయచేసి ఎవరైనా చెప్పండి! ఆ బంగారు విగ్రహం లేచి గంతులేసే డాన్స్ అయితే 1948లో తగిలించింది. ఇంత నవ్వుకున్నాక 'షేడ్స్' సీన్ వస్తుంది. తెల్లబట్టల్లో ఆడవాళ్లు ఒక్కొక్కరే వాలుదారి మీదుగా దిగుతారు, అందరిదీ అదే అడుగు, మళ్లీ అదే, మళ్లీ అదే. ఒక్క లైను కోడ్‌ని లూప్‌లో పెట్టినట్టు. కొన్ని కంపెనీల్లో 24 మంది, కొన్నిట్లో 32. వాళ్లంతా దిగేసరికి నా నవ్వు ఎటో పోయింది.

ఇంత పేరున్న బ్యాలేకే ఒక అంకం పోయిందని మీకు తెలుసా? దేవతల కోపానికి గుడి కూలిపోయే చివరి అంకాన్ని సోవియట్ కాలంలో వేయడం మానేశారు. 1980లో నటాలియా మకరోవా అమెరికాలో తన పద్ధతిలో మళ్లీ కట్టింది. 2002లో మారిన్‌స్కీ వాళ్లు పాత కాగితాల్లోని సంకేతాలు చదువుకుని ఇంకోలా కట్టారు. నన్ను భయపెట్టేది ఇదే. బ్యాలేకి సోర్స్ కోడ్ ఉండదు. రాసుకునే లిపులు ఉన్నాయి గానీ, అవి మన ల్యాబ్ రికార్డుల్లాంటివి. దాన్ని చూసి ప్రయోగం మళ్లీ చేయగలిగేది ఒకసారి చేసినవాడే. ఒకరి ఒంట్లోంచి ఇంకొకరి ఒంట్లోకి దాటాలి. ఇరవై ఏళ్లు వేయకపోతే డిలీట్ అయిపోయినట్టే. రీసైకిల్ బిన్ కూడా ఉండదు.

నిజంగానే అయింది. 1913లో నిజిన్‌స్కీ చేసిన 'రైట్ ఆఫ్ స్ప్రింగ్'కి పారిస్ థియేటర్లో గోల గోల అయింది, అది అందరూ చెప్పుకుంటారు. గోల గుర్తుంది, డాన్స్ పోయింది. పిడికెడు ప్రదర్శనలతో ఆగిపోయింది. 1920లో మళ్లీ వేద్దామంటే స్టెప్పులు గుర్తులేక, వేరే ఆయన చేత కొత్తగా చేయించుకున్నారు. 1987లో మిల్లిసెంట్ హాడ్సన్ అనే ఆవిడ పాత బొమ్మలూ నోట్సులూ జ్ఞాపకాలూ ఏరుకొచ్చి తిరిగి నిలబెట్టింది. అందులో ఎంత నిజిన్‌స్కీ, ఎంత హాడ్సన్ అన్నది ఎప్పటికీ తేలదు. అయినా చేసినందుకు ఆవిడకి దండం పెడతా.

నిజిన్‌స్కీ అంటే అందరికీ తెలుసు. అతనికో చెల్లెలు ఉందని ఎంతమందికి తెలుసు? బ్రోనిస్లావా నిజిన్‌స్కా. 'రైట్ ఆఫ్ స్ప్రింగ్'లో బలైపోయే అమ్మాయిగా మొదట చేయాల్సింది ఆమే, గర్భవతి కావడంతో వేరే ఆమెకి ఇచ్చారు. పదేళ్ల తర్వాత, 1923లో, స్ట్రావిన్‌స్కీ సంగీతానికే ఆమె 'లే నోస్' చేసింది. అంటే పెళ్లి. నన్నడిగితే అన్న చేసినవాటన్నిటికంటే ఇదే గొప్పది. ఈ వ్యాసమంతా ఈ ఒక్క ముక్క చెప్పడానికే రాస్తున్నా.

ఉండేది 25 నిమిషాలు. నాలుగు పియానోలు, డప్పులూ గంటలూ, పాడేవాళ్లు. రష్యా పల్లెటూరి పెళ్లి. గోంచరోవా మొదట రంగురంగుల బట్టలు గీసుకొస్తే నిజిన్‌స్కా వద్దంది. మట్టిరంగు, తెలుపు, అంతే. తెర లేవగానే పెళ్లికూతురు మధ్యలో నిలబడి ఉంటుంది. తాళ్లంత పొడుగు జడలు, వాటిని స్నేహితురాళ్లు చెరో పక్క పట్టుకుని ఉంటారు. ముస్తాబు చేస్తున్నారా, కట్టేస్తున్నారా తెలియదు. తర్వాత వాళ్ల తలలు ఒకదాని మీద ఒకటి గోపురంలా పేరుస్తారు. మొత్తం మీద ఆ అమ్మాయి నవ్వదు. అబ్బాయి కూడా నవ్వడు. చుట్టూ ఊరంతా ఎగురుతుంటుంది. బ్యాలే చెప్పులంటే గాల్లో తేలడానికే అనుకుంటాం కదా, ఇందులో ఆడవాళ్లు ఆ మునివేళ్లతో నేలని పొడుస్తారు.

నేను ఇది మొదటిసారి చూసింది సెకండియర్ సంక్రాంతి సెలవుల్లో, ఇంట్లో. చూస్తుంటే మా పెద్దమ్మ కూతురి పెళ్లి గుర్తొచ్చింది. పూలజడ బరువుకి మెడ లాగేస్తోందని అక్క అంటుంటే, ఫోటోగ్రాఫర్ "కొంచెం నవ్వండి మేడమ్" అన్నాడు. అప్పగింతల్లో పాలలో ముంచిన చేతుల్ని అత్తగారి చేతుల్లో పెడుతుంటే పెద్దమ్మ ఏడ్చింది, అక్క ఏడవలేదు. ఆ సంబంధం నీకిష్టమేనా అని అక్కని ఎవరైనా అడిగారా? నాకైతే గుర్తులేదు. నేనూ అడగలేదు. నాకప్పుడు పదహారేళ్లు, బఫే దగ్గర బిజీగా ఉన్నాను. వందేళ్ల కిందట పారిస్‌లో ఒక రష్యా ఆవిడ కట్టిన డాన్స్ చూస్తేగానీ మా ఇంటి పెళ్లి నాకు కనపడలేదు.

ఈ బ్యాలే కూడా పోయేదే. అప్పుడెప్పుడో 1928లో ఆమె దగ్గర పనిచేసిన ఫ్రెడరిక్ ఆష్టన్, తర్వాత రాయల్ బ్యాలేకి డైరెక్టరయ్యాడు. ఆమెని పిలిపించి 1964లో 'లే బీష్', 1966లో 'లే నోస్' వేయించాడు. 1972లో ఆమె పోయింది. ఆ పిలుపు ఓ పదేళ్లు ఆలస్యమై ఉంటే మన చేతికి పాట మిగిలేది, పెళ్లి మిగిలేది కాదు. రావెల్ 'బొలేరో' సంగతే చూడండి. ఆ ట్యూన్ వినని చెవి లేదు. 1928లో దానికి మొదట డాన్స్ కట్టిందీ ఈవిడే. ఆ డాన్స్ ఎక్కడైనా వేస్తున్నారా?

పెద్ద కంపెనీల్ని అంటే, 'స్వాన్ లేక్', 'నట్‌క్రాకర్' వేస్తేనే టికెట్లు తెగుతాయంటారు. వాళ్ల బాధ వాళ్లది, జీతాలివ్వాలి. మన ఫిల్మ్ క్లబ్‌కి ఆ బాధ లేదు కదా? ఎంట్రీ ఫ్రీ, ఎలాగూ సమోసాల కోసం వచ్చేవాళ్లే సగం. రాయల్ బ్యాలే వాళ్లు 2001లో తీసిన రికార్డింగ్ ఉంది. 'స్వాన్ లేక్' మొత్తం వేస్తే రెండు గంటల పైమాటే, మొదటి అంకానికే హాలు ఖాళీ అవుతుంది. దాని బదులు ఇది వేయండి, 25 నిమిషాలే. ప్రొజెక్టర్ సంగతి నేను చూసుకుంటా. మా రూమ్మేట్ వస్తానన్నాడు, సమోసా ఉంటేనే అట.